నక్షత్రానికి డే షిఫ్ట్

నక్షత్రాలను పగలు కూడా చూడొచ్చంటే నాచారంలో మా ఇంట్లో ఎవరూ నమ్మేవారు కాదు. కంటితో కాదు, రేడియో టెలిస్కోపుతో. ఎండైనా మబ్బైనా దానికి పట్టింపు లేదు.

అవి తొంభైల చివరి రోజులు. ఉప్పల్‌లో బస్సు మారి యూనివర్సిటీకి పోయేదాన్ని, పీహెచ్‌డీకి. సూర్యుడికంటే ఎన్నో రెట్లు బరువైన ఒక నక్షత్రం తన ఒంటి మీది వాయువును బయటికి ఊదేస్తూ ఉంటుంది. ఆ వాయువు దాని చుట్టూ వలయంగా పేరుకున్నట్టు, టెలిస్కోపు లెక్కలతో నేను తయారుచేసిన పటంలో కనిపించింది. అది నిజమో, పటం తయారీలో పుట్టిన దొంగ వలయమో తేలాలంటే ఇంకోసారి చూడాలి. సగం థీసిస్ దాని మీదే ఉంది. మహారాష్ట్రలోని టెలిస్కోపు వాళ్లు ఇచ్చిన సమయం ఆదివారం మధ్యాహ్నం. తప్పితే మళ్లీ ఏడాదికే.

సరిగ్గా ఆ ఆదివారమే మౌలాలి నుంచి పెళ్లిచూపులకు వస్తామని కబురు. అబ్బాయి ఫొటో చూశాను. నచ్చాడు, అబద్ధమెందుకు.

"పగటిపూట సుక్కలేంది బిడ్డా? ఇష్టం లేకుంటే లేదని జెప్పు," అంది అమ్మ.

"ఇష్టమేనమ్మా. వచ్చే వారం రమ్మను."

సంబంధం తెచ్చిన మేనమామ నవ్వాడు. "మాకు పట్టపగలే సుక్కలు సూపెడుతున్నవ్ కోడలా."

నాన్న ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే మనిషి. "దానికి డే షిఫ్ట్ పడ్డదే. పడ్డంక పోవాలె గద," అని తనే మౌలాలి వెళ్లి అదే మాట చెప్పి వచ్చాడు. వాళ్లు సరేనని కూడా అనలేదట. శనివారం సాయంత్రం నేను రైలెక్కాను.

కొత్త పటం తయారయ్యేసరికి నెల పట్టింది. నక్షత్రం ఉంది, చుట్టూ పలచగా వాయువు ఉంది, వలయం లేదు. ఈలోపు మౌలాలి వాళ్లు బోడుప్పల్ సంబంధం ఖాయం చేసుకున్నారు.

ఇంటికొచ్చి చెబుతుంటే ఏడుపు ఆగలేదు. అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వింది.

"లేనిదాని కోసం ఉన్న సంబంధం పోగొట్టుకుంటివి."

నాకు ఒళ్లు మండింది. "ఉన్నదో లేదో సూస్తెనే గద తెలిసేది! సూడకుండ వదిలిపెడితే బతికినన్ని రోజులు మనసుల అదే ఉంటుండె."

అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది.

"మరి ఆ పిలగాన్ని సూడనే లేదు గద నువ్వు," అంది.