మా ఎమ్మెల్యే, మైల డబ్బులు

మా ఎమ్మెల్యే పోయారు. మాజీ అనాలి గానీ, సాలూరులో మా వరస ఇళ్ళవాళ్ళం ఎవరమూ అలా అనలేదు. మొన్న మంగళవారం పొద్దున్న లారీ ఆఫీసు నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే చెప్పారు. "ఎక్కడ పోయారు, ఇంట్లోనా బయటా?" అన్నాను. వినడానికి మొరటుగా ఉంటుంది. అద్దెకుండేవాళ్ళు ముందు అడిగేది అదే.

అద్దెకున్న మనిషి ఇంట్లో ప్రాణం వదిలితే యజమాని మైల డబ్బులు వసూలు చేస్తాడు. శుద్ధికని, సున్నానికని, ఇల్లు మూతపడి ఉండే నెలలకని. అందుకే ఊపిరి బరువెక్కగానే మనిషిని మంచంతో సహా వీధిలోకి తెస్తారు. ఎదురు వాటా అప్పయ్యమ్మ భర్తని అలాగే తెచ్చారు. ఆ వేళ వాన.

ఆ ఏడే అద్దెదార్ల మీద పై రుసుములు తీసెయ్యాలని అసెంబ్లీలో బిల్లు వచ్చింది. ఒక్కో రుసుముకీ విడిగా ఓటు పెట్టారట. హైదరాబాదు నుంచి దిగగానే, పేపరు రాకముందే, మా అరుగుల మీదికి వచ్చి ఎటు ఓటేశారో చెప్పడం మా ఎమ్మెల్యే అలవాటు. మంచికైనా చెడుకైనా ఒకటే గొంతు.

"ఇంట్లో దిగేటప్పుడు తీసుకునే తాళంసెవి డబ్బులు తీసెయ్యమని సెయ్యెత్తినాను. నుయ్యి వాడకానికీ ఎత్తినాను. మైల డబ్బుల కాడ ఎత్తలేదు."

"ఏటి బాబూ, ఎందుకెత్తలేదు?" అంది అప్పయ్యమ్మ.

"మైల మైలే కదమ్మా. నా ఇళ్ళల్లోనూ అద్దెకున్నోళ్ళున్నారు. నాకూ బెరుకే."

ఆయనకని తెచ్చిన మంచినీళ్ళ చెంబు ఆవిడ లోపలికి పట్టుకెళ్ళిపోయింది. ఎండన పడి వచ్చిన మనిషి. కండువాతో మొహం తుడుచుకుని, "ఆయమ్మ సేసింది తప్పు కాదు," అని లేచారు.

మళ్ళీ సమావేశాల్లో ఆ రుసుము ఇంకోసారి ఓటుకొచ్చింది. ఈసారి ఆయన చెయ్యెత్తారు. అయినా రుసుము పోలేదు. ఇళ్ళున్న చుట్టాలు మాత్రం ఆయన గుమ్మం తొక్కడం మానేసి, ఎన్నికల్లో ఎదురు తిరిగారు. పదవి పోయింది, ఇళ్ళు అప్పులకి పోయాయి. మా వరసలోనే చివరి వాటా అద్దెకి తీసుకున్నారు. దిగిన రోజున అప్పయ్యమ్మే చెంబుతో నీళ్ళిచ్చింది. గటగటా తాగి, "ఓడిపోయినోడికి దాహం ఎక్కువమ్మా," అన్నారు.

ఆయన గొప్ప నాయకుడని నేననను. అసెంబ్లీలో ఆయన నోరు విప్పినట్టు ఎవరూ చెప్పలేదు. ఎత్తని చేతిని కూడా దాచుకోకుండా మా ముందుకొచ్చారు. అందుకే ఆయనంటే నాకు ఇష్టం.

మంగళవారం తెల్లవారుతుండగా ఊపిరి బరువెక్కిందట. కొడుకు మంచం ఎత్తబోతే అప్పయ్యమ్మ గుమ్మంలో అడ్డంగా కూర్చుందట.

"దించరా నాయనా. బాబు ఇంట్లోనే పోతాడు. మైల డబ్బులడిగితే వరసందరం ఇస్తాం."

చివరి నీళ్ళు కూడా ఆవిడే పోసింది.

నేను వెళ్ళేసరికి ఆయన లోపలే ఉన్నారు, తల దగ్గర దీపం. పక్కన అప్పయ్యమ్మ చెంబు. ఇంటి యజమాని గుమ్మం బయట నిలబడి ఉన్నాడు, ఏమీ అడగలేదు. ప్రతి వాటా అరుగు మీదా మనుషులు కూర్చుని అతన్నే చూస్తున్నారు.

వీధిలో మంచం లేదు.