మునిగిన ఏడు జాకెట్లు

మా వీధి చివర, రేవు మెట్లకి ఎదురుగా మిషను పెట్టుకుని బట్టలు కుట్టే ఆవిడని అందరూ కుట్టక్క అంటారు. ఏ వస్తువైనా విప్పి చూడందే ఆమెకి నిద్ర పట్టదు. ఒకసారి, రేవులో లాంచీ నడిపే వాళ్ళన్నయ్య పట్టీలు ఊడిన లైఫ్ జాకెట్లు ఇరవై తెచ్చి ఆమె ముందు కుప్ప పోశాడు.

కుడుతుంటే సందేహం వచ్చింది. ఈ కాస్త బట్ట అంత మనిషిని ఎలా మోస్తుంది? ఒకదాని కుట్టు విప్పి చూసింది. లోపల మెత్తటి స్పాంజి పలక. అంతటితో ఊరుకుందా? బొగ్గుల ఇస్త్రీ పెట్టెని ఒక్కో జాకెట్టుకీ కట్టి, పెరట్లో నీళ్ళ డ్రమ్ములో వేసింది. పదమూడు తేలాయి. ఏడు బుడుంగున మునిగాయి.

"వీటినేం చేశారు అన్నయ్యా?"

"లాంచీలో బల్లలు గట్టిగా ఉన్నాయని జనం కింద వేసుకుని కూర్చుంటారు."

"అందుకే అట్టముక్కల్లా అణిగిపోయాయి. ఇవి నిజంగానే నట్టేట ముంచుతాయి."

ఆ ఏడింటినీ కత్తిరించి పారేశారు. మర్నాడు పొద్దున్నే, ఈత రాని కుట్టక్క మంచి జాకెట్టొకటి తొడుక్కుని రేవు మెట్ల దగ్గర నడుంలోతు నీళ్ళలో దిగి కాళ్ళెత్తేసింది. పట్టీలు వదులు. జాకెట్టు చెవుల దాకా లేచింది, ఆమె కిందే ఉండిపోయింది. అన్నయ్య పక్కనే ఉండి పైకి లేపాడు. పట్టీలు బిగించి వెల్లకిలా పడుకుంటే ఈసారి ముఖం హాయిగా పైనే ఉంది.

నెల తిరక్కుండానే, లాంచీ రేవుకి చేరుతుండగా లెక్కల మాస్టారు అందరికన్నా ముందు దిగాలని లేచి, తూలి నీళ్ళలో పడ్డారు. 'ఐదు నిమిషాలకి జాకెట్టెందుకు' అన్న మనిషి. అన్నయ్య ఇంజను ఆపేశాడు. లాంచీలో పక్కన కూర్చున్నాయన దూకబోతే మెట్ల మీదున్న కుట్టక్క ఆపింది.

"దూకకండి. భయంలో మీ మెడే పట్టుకుంటారు, ఇద్దరూ పోతారు."

మెట్ల పక్కన తాడు కట్టి ఉంచిన, మూత బిగించిన ఖాళీ డబ్బాని మాస్టారికి అవతలగా విసిరి, చేతికందేలా లాగింది.

"మాస్టారూ, డబ్బా గుండెకి హత్తుకుని వెల్లకిలా పడుకోండి. మేం లాగుతాం."

ఒడ్డున తువ్వాలు కప్పుకుని వణుకుతున్న ఆయన పక్కన చతికిలబడి ఆమె మెల్లగా అడిగింది.

"ఒక్క కేకైనా వెయ్యలేదేం?"

"ఊపిరి బిగుసుకుపోయిందమ్మా. నోరు తెరిస్తే నీళ్ళే."

"ఎంతసేపు?"

"లెక్కపెట్టలేదు," అన్నారు లెక్కల మాస్టారు.

మునిగేవాళ్ళు అరుస్తారనే ఇన్నాళ్ళూ అనుకుంది కుట్టక్క. ఇప్పుడు రేవులో పిల్లలు గోల చేస్తుంటే పట్టించుకోదు. ఎవరైనా ఉన్నట్టుండి మాట ఆపితే చాలు, కత్తెర పక్కన పెట్టి లేస్తుంది.