సావిత్రమ్మ దాచుకున్న పేరు

సావిత్రమ్మకు మూడు రోజులుగా ముద్ద దిగడం లేదు. జహీరాబాద్ బజారులో బెల్లం దుకాణం నడుపుతూ, ఎంతటి బేరగాడి నోరైనా మూయించే మనిషి. 1943లో, మనవరాలు ఇందిరను తన కొడుక్కి చూడడానికి న్యాల్‌కల్ నుంచి వచ్చిన వీరప్ప అడిగిన ఒక్క మాటకు ఆమె నోరే పడిపోయింది.

"పిల్ల నాయనమ్మ పుట్టింటి బెడగేంది? అది మా అమ్మ పుట్టింటి వంశమే అయితే పిల్లలు అన్నాచెల్లెండ్ల లెక్క. సోమారం దాక చూస్త. తెల్వకుంటే ఇంకో సంబంధం చూస్కుంట."

ఏడేళ్లప్పుడు పెళ్లయి, హుమ్నాబాద్ పక్క పల్లె నుంచి వచ్చిందామె. తర్వాత రాకపోకలు తెగిపోయాయి. పుట్టింటి వంశం పేరైన ఆ బెడగు తెలిసిన అత్తమామలు ఏనాడో పోయారు.

కొడుకు రేవణప్ప ఆ పల్లెకు వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి, ఉత్త చేతులతో వచ్చాడు.

"జహీరాబాద్‌కిచ్చిన సావిత్రమ్మ అంటే ఒక్కరు గుర్తుపట్టలే. నువ్వు ఆ ఊరి దానివేనా అవ్వా?"

"పెండ్లిల పేరు మార్చిన్రేమో అత్తమ్మా?" అంది కోడలు శివమ్మ. "నాది మార్చలేదా మీరు?"

సావిత్రమ్మ చెంబెడు నీళ్లు గటగటా తాగింది. ఆ సంగతి ఆమెకు మొదటి రోజే తెలుసు. తనకు ముందు పుట్టిన ముగ్గురు ఆడపిల్లలూ పోయారు. ఈమెనైనా దక్కించుకోవాలని తల్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చాటలో ఎత్తుకొచ్చి, ఆ కుప్ప పేరే పెట్టింది. ఎదురు దుకాణం సీతాబాయి చెవిన అది పడితే బజారులో తలెత్తుకోవడమెలా?

గడప దగ్గర ఇందిర బియ్యం ఏరుతోంది. ఒకే రాయిని మూడుసార్లు తీసి, మళ్లీ పళ్లెంలోనే వేసింది.

"తిప్పవ్వ," అంది సావిత్రమ్మ, గోడకు చెప్పినట్టు. ఆమె పుట్టిన కన్నడ పల్లెలో తిప్పె అంటే పెంటకుప్ప.

"ఏందవ్వా?" అన్నాడు రేవణప్ప.

"తిప్పవ్వ అని అడుగుపో! మల్ల మల్ల చెప్పించకు. నవ్విన్రో, చూస్కోన్రి!"

శివమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సోమవారం పొద్దున్నే వీరప్ప దిగాడు. మధ్యాహ్నమైనా, మళ్లీ పల్లెకు పోయిన రేవణప్ప జాడ లేదు. వీరప్ప రెండుసార్లు కండువా దులిపాడు.

"జర కూసోన్రి, వస్తడు," అంది సావిత్రమ్మ.

మూడోసారి కండువా దులుపుతుండగా బండి ఆగింది. రేవణప్ప పక్క నుంచి నడుం వంగిన ముసలాయన ఒకడు బజారంతా మారుమోగేలా కేకేశాడు.

"తిప్పీ! ఏ తిప్పీ! ఉన్నవా, పోయినవా?"

సీతాబాయి చేతిలో తక్కెడ అలాగే ఆగిపోయింది.

సావిత్రమ్మ చెప్పులైనా వేసుకోకుండా ఉరికింది. "ఉన్ననే అన్నా! ముందుగాల మన బెడగేందో చెప్పు!"

అన్న చెప్పాడు. వీరప్ప వేళ్లు మడుస్తూ వరసలు లెక్కపెట్టి, కండువా తీసి పక్కన పెట్టాడు.

"వేరే బెడగే. సంబంధం ఖాయం, శక్కర తెప్పియ్యి, తిప్పవ్వా!"

ఎదురు దుకాణంలో ఎవరో పకపకా నవ్వారు. సావిత్రమ్మ అటు తిరిగి గట్టిగా అరిచింది.

"నవ్వింది చాలు గని, పెండ్లికి రా సీతాబాయీ!"