ఊరి పెట్టె

మీరు పంపిన అట్టపెట్టె నిన్న మధ్యాహ్నం వచ్చింది పిల్లలూ. టేపు కోసి మూత తెరిచేసరికి గంజి వాసన, కొత్త నూలు వాసన, వాటి కింద ఎక్కడో కలరా ఉండల వాసన ఒక్కసారిగా పైకి లేచాయి. చీర బాగుంది. నాకు నప్పే రంగే ఎంచారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫోన్ చేస్తే మీరన్న మాట మాత్రం నాకు నిద్రపట్టనివ్వలేదు. "అమ్మమ్మా, ఇల్లు కొన్నాక మేం వస్తాం కదా, అప్పుడు కట్టుకో. అందాకా దాచుకో" అన్నారు. మీరు ప్రేమగానే అన్నారు. కానీ ఆ మాట నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే, అందుకే ఇవాళ మా అమ్మ పెట్టె సంగతి మీకు చెప్పి తీరాలి.

ఈ దీవుల్లోనే, డిగ్నాబాద్‌లో ఏటవాలు మీద ఉండేది మా ఇల్లు. తడికె గోడలు, ఆకు కప్పు, మట్టి నేల. నాన్న సిక్కోలు వైపు సముద్రపు ఒడ్డు నుంచి వచ్చి ఇక్కడ డోంగీ మీద వేటకెళ్ళేవాడు. డోంగీ అంటే చిన్న చెక్క పడవ. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ నెలలు వానే. తడికె సందుల్లోంచి జల్లు కొట్టి చాపలు తడిసేవి, పొయ్యిలో పుల్లలు బుసబుస పొగ కక్కేవి, ఆ పొగలోనే అమ్మ సూర చేపను చింతపండు పులుసులో ఉడికించి, సొట్టలు పోయిన సత్తు పళ్ళేల్లో మాకు పెట్టేది. వాన ఆగితే మేమంతా, అంటే బెంగాలీ పిల్లలు, రాంచీ పిల్లలు, మలయాళం పిల్లలు, నేను, ఎర్రమట్టిలో గీతలు గీసి గవ్వపెంకుతో తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం. దెబ్బలాట హిందీలో, ఏడుపు ఎవరి భాషలో వాళ్ళది.

మా వైపు వాళ్ళ ఇళ్ళల్లో తడవకుండా మంచి జాగాలో ఉండేది ఒక్కటే, ఊరి పెట్టె. రేకు పెట్టె, నీలం రంగు, తాళం. జల్లు పడని మూల, ఇటుకల మీద, గోనెపట్టా కప్పుకుని ఉండేది. వేట బాగా పడిన నెలలో నాన్న గోల్ ఘర్ బజారుకెళ్ళి ఏం కొన్నా తిన్నగా అందులోకే పోయేది. స్టీలు పళ్ళేలు, దుప్పట్లు, మామయ్యకి చొక్కాగుడ్డ, అడుగున అమ్మ పెళ్ళిచీర. అవన్నీ ఊరెళ్ళినప్పుడు తీయడానికి. దీవులకెళ్ళినవాళ్ళు తిరిగొస్తే ఏం తెచ్చారా అని ఊరంతా చూస్తుంది కదా. ఇక్కడి బతుక్కి మాత్రం ఏమీ అక్కర్లేదు. నేల గచ్చు చేయిద్దామంటే నాన్న, "ఎల్లిపోయేవోలం, మనకి గచ్చెందుకే?" అనేవాడు. పెరట్లో కరివేపాకు మొక్క నాటుదామన్నా అదే జవాబు.

మా పక్కింటి ఫూల్‌మణి దీదీ రాంచీ వైపు మనిషి. అమ్మతో కూర్చుని చేపలు ఎండబెడుతూ వచ్చీరాని తెలుగులో ఆటపట్టించేది. "అరే బెహన్, ఆ పెట్టెలో క్యా హై? ఇంకో ఆద్మీని దాచినావా?"

"దాచితే ఈ పొయ్యి ఆడిచేత ఊదించనా?" అనేది అమ్మ.

ఒక ఏడు ఆ పెట్టెలోకి నా పరికిణీ వెళ్ళింది. చిలకాకుపచ్చ రంగు, మామిడిపండు అంచు, పెరిగే పిల్లనని దర్జీ లోపల మడతలు కూడా వదిలాడు. కొలత సరిపోయిందో లేదో చూడ్డానికి ఒక్కసారి కట్టి, నేను గిర్రున తిరిగేలోపే విప్పేసింది అమ్మ. ఆ ఏడు గంగమ్మ పండగకి డప్పులు మోగుతుంటే, చలిమిడి ముద్ద చేతిలో పట్టుకుని, అందరి పిల్లల కొత్త బట్టలూ చూసి, పరికిణీ కావాలని నేలమీద దొర్లాను.

"ఊరెల్లినప్పుడు కట్టుకుందువు. ఈడ నిన్నెవులు సూత్తారే గుంటా?" అంది అమ్మ.

ఫూల్‌మణి దీదీ చూస్తుంది, నాతో ఆడే పిల్లలు చూస్తారు, జెట్టీ దగ్గర మంచు గడ్డలు కొట్టే భయ్యా చూస్తాడు. వీళ్ళెవరూ మనుషులు కారేమో అనుకున్నాను.

ఊరు మాత్రం వెళ్ళలేదు. ఒకసారి ఓడ టికెట్టు దొరకలేదు. తర్వాత తమ్ముడు పుట్టాడు. ఆ తర్వాత గాలివానకి డోంగీ రాళ్ళకు కొట్టుకుని విరిగింది. ఎట్టకేలకు మామయ్య పెళ్ళి కుదిరిందని, ఓడలో చోటు కూడా దొరికిందని నాన్న పరుగెత్తుకుంటూ వచ్చిన రోజున అమ్మ పెట్టె మీది గోనెపట్టా తీసింది. డోంగీ విరిగాక మళ్ళీ తీయని తాళం తుప్పు పట్టి తిరగలేదు. నాన్న సుత్తితో కొట్టాడు. మూత లేవగానే వచ్చిన వాసన, తడి ఇనుము, బూజు, కరిగిపోయిన కలరా ఉండలు. అడుగురేకు జల్లెడైపోయింది. దుప్పట్లు చేత్తో ఎత్తితే చిరుగులు. పెళ్ళిచీర మడతల దగ్గర పొడిపొడి. నా పరికిణీ మీద నల్లని మచ్చలు. కట్టి చూస్తే, మడతలన్నీ విప్పినా మోకాళ్ళ దగ్గరే ఆగిపోయింది.

అమ్మ నా మోకాళ్ళ వంక చూసింది.

"పోన్లే, ఇంకో ఏడు ఆగుదాం," అన్నాడు నాన్న. "మల్లీ నింపుకుని ఎల్దాం. ఉత్త సేతుల్తో ఎల్తే మనోలు ఏటనుకుంటారు?"

"ఎన్నిపాల్లు నింపుతావు? ఇది నిండీలోపల గుంట పెద్దదైపోనాది, సూడు," అంది అమ్మ. గొంతు పెంచలేదు. "నా తమ్ముడి పెల్లి ఇంకో ఏడు ఆగదు. పెట్టె రాకపోతే మానె. నానెల్తాను. నువ్వొత్తే రా."

నాన్న జెట్టీ వైపు వెళ్ళిపోయాడు. ఓడ ఎక్కుతామో లేదో నాకు తెలియలేదు. అమ్మ మాత్రం కత్తెర తీసింది. పెళ్ళిచీరలో పొడికాని మేర, ఎర్రటి అంచు ముక్క కత్తిరించి నా పరికిణీ కింద అతుకు వేసింది. నిమ్మకాయ రుద్ది ఎండలో ఆరేసినా మచ్చలు పోలేదు. ఫూల్‌మణి దీదీ దాన్ని తాడు మీద సర్దుతూ, "మచ్చ హై తో క్యా హువా, పిల్ల సుందర్ ఉంది కదా," అంది. స్టీలు పళ్ళేలు తోమి ఆ పూటే అన్నం వడ్డించింది అమ్మ. చీకటి పడేవేళకి తిరిగొచ్చిన నాన్న మెరిసే పళ్ళెం ముందు కూర్చుని, అందులో తన మొహం చూసుకుని, "అన్నం ఇంత తెల్లగుంటదేటే?" అన్నాడు. వస్తాడని అప్పుడు తెలిసింది నాకు.

ఎండుచేపల మూట, కొబ్బరికాయల గోనె, మేం. అంతే, ఓడ ఎక్కాం. ఊళ్ళో దిగగానే వరసకు అత్త ఒకావిడ నా చుట్టూ తిరిగి చూసి, "ఓలమ్మో, అంత సముద్రం దాటెల్లి తెచ్చింది ఈ మచ్చల పావడాయేటి?" అంది. నాన్న తల దించుకున్నాడు.

"మమ్మల్ని తెచ్చుకున్నాం వొదినా, సాలదా?" అంది అమ్మ.

మా అమ్మమ్మ ఈ మాటలేవీ వినిపించుకోలేదు. నన్ను దగ్గరకు లాక్కుని, పరికిణీ అంచు వేళ్ళతో తడిమి, "ఇది నీ పెల్లి సీర గదే," అని అమ్మ వంక చూసింది. తర్వాత ఆ పెళ్ళిలో ఉన్నన్ని రోజులూ నన్ను ఒళ్ళోంచి దింపలేదు. మరుసటి ఏటికి ఆమె లేదు. మేం ఆగి ఉంటే, నాకు ఆ ఒడి తెలిసేదే కాదు.

తిరిగొచ్చాక నాన్నే సిమెంటు తెచ్చి నేల గచ్చు చేయించాడు. అడుగు పోయిన నీలం పెట్టెలో మట్టి నింపి అమ్మ కరివేపాకు నాటింది. పరికిణీ కట్టి తొక్కుడుబిళ్ళ ఆడాను, చెట్లెక్కాను, సముద్రంలో తడిపాను. చినిగాక అది తమ్ముడి బొంత అయింది, ఆ తర్వాత వేడి గిన్నెలు దించే మసిగుడ్డ.

ఇప్పుడు ఆ ఏటవాలు మీద తడికె ఇల్లు ఒక్కటీ లేదు. అమ్మ, నాన్న, ఫూల్‌మణి దీదీ లేరు. పెట్టె తుప్పయి మట్టిలో కలిసింది. దాని కరివేపాకు పిలక నేనిప్పుడుంటున్న ఈ డాలీగంజ్ ఇంటి గుమ్మం దగ్గర నా ఎత్తు దాటింది.

మీ చీర పొద్దున్నే కట్టేశాను. సూర చేప పులుసు పెట్టాను, చెంగు మీద అప్పుడే మరక పడింది. మీరు ఇల్లు కొన్నాక రావద్దు. ఈ సెలవులకే రండి, ఏమీ తేవద్దు. ఈ మరక చీరలోనే గుమ్మంలో నిలబడి ఉంటాను.