చలి పడని నెత్తురు

రెండేళ్ల కిందట, పసుపు తవ్వకాలకు ముందు వచ్చిన చలికాలంలో, తొట్టి నీళ్లలో చేయి పెడితే నా వేళ్లు నీలంగా మారేవి. కళ్లు పచ్చబడ్డాయి. మూత్రం డికాక్షన్ రంగులో వచ్చేది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. అందరూ కామెర్లన్నారు. భీమ్‌గల్ దిక్కు పోయి ఆకుమందు కూడా తాగాను, తగ్గలేదు. ఆర్మూర్ డాక్టరు రక్తపరీక్షలు చూసి హైదరాబాద్ పొమ్మన్నాడు. మా ఆయన తీసుకుపోయాడు.

వార్డులో నా పక్క మంచం మీద ఏర్గట్ల నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. ఇద్దరికీ ఎర్రకణాలు ఒంట్లోనే పగిలిపోయే జబ్బే. ఆమెకు స్టెరాయిడ్ గోలీలతో రక్తం పెరగసాగింది. నాకు ఆ గోలీలు ఇవ్వలేదు, రక్తమూ పెరగలేదు.

"నాకు గూడ గవే గోలీలు రాయరాదుండ్రి మేడమ్?" అని డాక్టరమ్మను అడిగాను.

ఆమె మంచం అంచున కూచుంది. "పేరొక్కటే గని రకాలు వేరమ్మా. ఆమెకు గోలీలు పనిచేస్తయి. పుట్టుకతోని వచ్చే ఇంకో రకముంటది, దానికి అవసరమైతే ప్లీహం తీసేస్తం. మీది సలికి కణాలు పగిలే రకం. మీకు వేరే మందు సెలైన్ల ఎక్కిస్తం. అన్నిటికన్న ముందు మీరు వెచ్చగ ఉండాలె."

నాకు రక్తం కూడా చిన్న యంత్రంలో వెచ్చబరిచే ఎక్కించారు. పెద్దమ్మ తన శాలువా తీసి నా కాళ్లకు చుట్టింది.

ఇంటికొచ్చాక దిగులు పట్టుకుంది. నీళ్లు ముట్టకుండా సంసారమెట్లా? మా యారాలు, అంటే మా మరిది భార్య, అదే వాకిట్లో వేరే పొయ్యి పెట్టుకుని ఉండేది. మా మధ్య మాటలు అవసరానికే. ఒకరోజు పొద్దున ఆమె వచ్చి నా చేతిలోని గిన్నెలు తీసుకుంది.

"అక్కా, నీళ్ల పని నాకిడ్సిపెట్టు. నువ్వు పొయ్యికాడ కూసోని రొట్టెలు చెయ్యి."

"నీకు మస్తు పనైతది గదనే."

"ఐతే ఐతది. నువ్వు మంచిగుంటే సాలు."

అప్పటి నుంచి మా రెండు పొయ్యిలూ ఒక్కటయ్యాయి.

మందు పూర్తయ్యాక రక్తం మెల్లగా పెరిగింది. జబ్బు మళ్లీ రావొచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. అందుకే పరీక్షలకు పోతున్నాను, చలికాలమంతా సాక్సులు, గ్లౌజులు తీయను. డాక్టరమ్మకు దండం పెట్టి, మీ మేలు మరవనని చెప్పుకున్నాను. యారాలికి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్లూ వాయిదా వేసి, మొన్న అన్నం దగ్గర మాట మొదలుపెట్టాను.

"ముందు తినక్కా, సల్లగైతది," అంటూ నా పళ్లెంలో పప్పు వేసింది.