కెమెరాకు అడ్డొచ్చిన ఇడ్లీ

మా వాకింగ్ బృందంలో అందరికంటే ముందు కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా పంపే పరీక్ష, చేయించుకున్న వీరుణ్ణి నేనే. తార్నాకలో ఎవరినైనా అడగండి. కాకపోతే ఆ వీరత్వానికి ముందు, నా నోటి దురద ఒక స్నేహితుడి పేగుల మీదికి తెచ్చిన ఉపద్రవం ఒకటుంది. అదీ చెప్పాలి.

నాలుగేళ్ళ కిందటి మాట. అప్పటికి నాకు అరవై ఆరే, కుర్రతనం. పొద్దున్నే యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తుంటే మా బృందంలోని యాదగిరి డీలాగా ఉన్నాడు.

"మా నాయిన పెద్దపేగు క్యాన్సర్‌తోనే పోయిండు గదన్నా. నొప్పి లేకున్నా కెమెరా పరీక్ష చేయించుకొమ్మంటుంది డాక్టరమ్మ. గడ్డ చిన్నగున్నప్పుడే తీసేస్తే క్యాన్సర్ గాకుండ ఆపొచ్చంట. నాకేమో గుండె దడ."

'నాకూ దడే' అంటే సరిపోయేది. "ఓస్, అదా! నేను రెండుసార్లు చేయించుకున్నాను" అన్నాను.

యాదగిరి మొహం మతాబులా వెలిగింది. "రెండుసార్లా! ఎట్లుంటదన్నా?"

"చక్కిలిగింత."

"ముందురోజు తాగే మందు?"

"పానకం."

"పొద్దుగాల తినొచ్చా?"

ఇక్కడైనా ఆగానా? "కాగితంలో వద్దనే రాస్తారు. రెండు ఇడ్లీలు ఏం చేస్తాయయ్యా, దూదిలాంటివి!"

మూడోనాడు యాదగిరి మా ఇంటి తలుపు విరగ్గొట్టినంత పని చేశాడు. "ఇడ్లీ తిన్ననని పరీక్ష చెయ్యకుండనే ఎల్లగొట్టిండ్రు! ఎవరు తినమన్నరని అడిగితే, రెండుసార్లు చేయించుకున్న మా అన్న అని నీ పేరే చెప్పిన!"

మా ఆవిడ సుందరి వంటింట్లోంచి గరిటెతో వచ్చింది. "రెండుసార్లా? షుగరు పరీక్షకి వేలు గుచ్చితేనే సోఫాలో పడిపోయారీయన, అన్నయ్యగారూ!"

యాదగిరి నవ్వలేదు. కుర్చీలో కూలబడి, "ఇగ నేను పోను. ఉన్న ధైర్యమంతా ఒక్కపారికే అయిపాయె" అన్నాడు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. వాళ్ళ నాన్న ఎలా పోయాడో నేను చూశాను.

"ఈసారి నేనూ వస్తాను. ఇద్దరం చేయించుకుందాం" అన్నాను. అరవై దాటినవాణ్ణి, ముప్పై ఏళ్ళు సిగరెట్లు ఊదినవాణ్ణి, ఆదివారం మటన్‌ను బుధవారం దాకా లాగినవాణ్ణి. నాకూ అవసరమే.

పానకం అన్నానే, ఆ మందు సముద్రంలో చక్కెర కలిపినట్టుంది. ఆ సాయంత్రం మా ఇంట్లో బాత్రూం తలుపు పడ్డ కష్టం ఎవరూ పడలేదు.

మర్నాడు పరీక్షలో యాదగిరి పేగులో శనగగింజంత గడ్డ దొరికింది. అక్కడికక్కడే తీసేశారు. వదిలేసి ఉంటే ముందుముందు క్యాన్సర్‌గా మారేదేమో అంది డాక్టరమ్మ. నాకు సిగరెట్ల మీద తిట్లు తప్ప ఏమీ దొరకలేదు.

కనుక, నా పేగు చూడని కెమెరా గురించి ఈ జన్మలో నోరు విప్పనని సెలైన్ స్టాండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. అయినా సరే, ముందు వెళ్ళిన వీరుణ్ణి మాత్రం నేనే.

భుజం మీంచి ఇదంతా చదివిన సుందరి అంది: "ముందు లోపలికెళ్ళింది అన్నయ్యగారు. మీరు ఆస్పత్రి బాత్రూంలో గడియ పెట్టుకుని, నర్సు తలుపు కొట్టినప్పుడల్లా 'ఇంకా అవుతోంది' అన్నారు."