మా అత్త రాసిన శాసనం

చరిత్ర అంటే ఎక్కడో దూరాన, టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి చూడాల్సిన వస్తువని నేను గట్టిగా నమ్మిన రోజులవి. పుట్టిందేమో తోటపల్లి గూడూరు దగ్గర సముద్రపు ఒడ్డున; పరిశోధన మాత్రం ఉత్తరాది కోటల మీద. మా ప్రొఫెసరు గారు ఒకసారి మీ ఊళ్లో ఏముందయ్యా అని అడిగితే, ఏమీ లేదండీ, ఇసుకా రొయ్యల గుంటలూ అన్నాను. ఆయన అదోలా చూశారు. ఆ చూపు భరించలేక సెలవుల్లో టేపూ కెమెరా తీసుకుని ఊరికి బయల్దేరాను.

రెండో రోజే, మేనత్త ఉంటున్న మా తాతల నాటి ఇంటి పెరట్లో, బట్టలుతికే నల్లబండ మీద గీతలు కనిపించాయి. (చిన్నప్పుడు దాని మీదే కూర్చోబెట్టి నాకు నీళ్లు పోశారు; అప్పుడు కనిపించలేదు.) వరసగా ఏడు అక్షరాలు. తెలుగు కాదు, అరవం కాదు. ఓడల్లో వచ్చిన వర్తకులెవరో చెక్కించి ఉంటారని తేల్చాను. ఏడో అక్షరం తర్వాత ఖాళీ ఉంటే, యుద్ధం వచ్చి ఉలి ఆగిపోయిందని అదీ తేల్చేశాను. ఫొటో పంపకుండానే (ఎవరైనా కొట్టేస్తారని భయం) ప్రొఫెసరు గారికి ఫోన్ చేసి కొత్త లిపి దొరికిందని చెప్పాను. ఆయన విభాగంలో అందరికీ చెప్పేశారు.

మూడు రోజులు ఆ బండను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇంట్లో మాసిన బట్టలు గుట్టపడ్డాయి. నాలుగో రోజు అత్త బకెట్టుతో వచ్చి, నేను రాసుకుంటున్నది కాసేపు చూసి, "అట్టా కాదబ్బయా, ఈ పక్కకొచ్చి చూడు" అంది.

వెళ్లి చూశాను. కుడి నుంచి ఎడమకు, అ ఆ ఇ ఈ ఉ ఊ ఋ.

మా నాయన అరుగు మీద పలక పెట్టుకుని దిద్దుతుంటే, బడికి పంపని అత్త ఎదురుగా కూర్చుని చూసేదట. అలా నేర్చిన అక్షరాలన్నీ ఆమెకు తలకిందులుగా వచ్చాయి. మేకుతో బండ మీద గీసుకుంది. మరి ఋ దగ్గర ఎందుకు ఆపావని అడిగాను.

"మీ నాయన్ని నెల్లూరు బడికి పంపించేసినారు. ఇంక నా ఎదురుగా ఎవురున్నారు?" అంది, బట్టలు తడుపుతూ.

ప్రొఫెసరు గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. తిడతారనుకుంటే, ఆవిడ ఇంకేం చెప్పింది అని అడిగారు. నేనేమీ అడగలేదన్నాను. "అడుగు" అని ఫోన్ పెట్టేశారు.

రాజుల వరస కంఠస్థమే గానీ, సొంత అత్తను ఏమడగాలో తెలియలేదు. చివరికి, చిన్నప్పుడు నీకు ఏదంటే ఇష్టమని అడిగాను. ఆమె చేతిలో చీర బకెట్లోనే వదిలేసి నా వైపు వింతగా చూసింది. తర్వాత పొద్దుగూకేదాకా చెబుతూనే ఉంది. ఆ రోజుల్లోని నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. కానీ ఆ మధ్యాహ్నం వాడు మొదటిసారి నోరు మూసుకుని విన్నాడు; అందుకు కాస్త ముద్దు కూడా వస్తుంది.